రాష్ట్రేతర తెలుగువారి పెరటి పాదులు: కొన్ని చారిత్రక పరిశీలనలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలకు వెలుపల కొన్ని శతాబ్దాలుగా స్థిరపడి ఉన్న తెలుగువారి చరిత్రను గురించి ఇంతవరకు జరిగిన పరిశోధన చాలావరకు శాసనాల మీద, స్థానిక చరిత్రల మీద, నాయకరాజుల ఆస్థానాలలో వెలసిన గ్రంథాల మీద ఆధారపడి సాగింది. తంజావూరు సరస్వతీ మహలులోని యక్షగానాల ప్రతులను గురించి మనకు ఎంతో కొంత తెలుసు. అదే తంజావూరు ప్రాంతంలో ఒక తెలుగు ఇల్లాలు మాఘమాసంలో పెరట్లో ఏ గింజ నాటుతుందో, దానిని ఏ పేరుతో పిలుస్తుందో మాత్రం మనం అడిగి తెలుసుకోలేదు. ఈ లోపంలో మా భాగం కూడా ఉన్నదని ఒప్పుకొని ఈ వ్యాసాన్ని ప్రారంభిస్తున్నాము. పద సేకరణకు గ్రామాలకు వెళ్ళిన ప్రతిసారీ మేము వీధి అరుగు మీద కూర్చొని మగవారితో మాట్లాడి వచ్చామే గాని, ఇంటి వెనుకకు వెళ్ళి చూడాలన్న ఆలోచన చాలాకాలం మాకు కలగలేదు.

పెరడు చిన్నదే కాని, పొలానికీ పెరటికీ ఉన్న భేదం చిన్నది కాదు. పొలం వానను అనుసరిస్తుంది, శిస్తును అనుసరిస్తుంది, అంగడిని అనుసరిస్తుంది. కొత్త దేశానికి వచ్చిన రైతు ఆ దేశపు పంటను, పంటల వేళలను నేర్చుకోక తప్పదు. పెరటికి ఈ నిర్బంధాలు లేవు. నూతి నీరో, స్నానాల దగ్గర, అంట్లు తోమే చోట పారిన నీరో దానికి చాలు. దిగుబడి అమ్మకానికి కాదు కనుక ఇరుగుపొరుగు భాషలో దాని పేరు తెలియకపోయినా పని ఆగదు. పైగా దానిని చూసుకునేది ఆడవారు. ఈ మూడు కారణాల వల్ల వలస వచ్చిన సమాజంలో పాత అలవాటు, పాత మాట పొలంలో కంటె పెరట్లో ఎక్కువకాలం నిలుస్తాయని మా అభిప్రాయం.

ముందుగా కాలాన్ని గురించి చెప్పాలి. తెలుగు ఇళ్ళలో చలికాలపు పెరటికి రాజు చిక్కుడు. మాఘ శుద్ధ సప్తమినాడు, అంటే రథసప్తమికి, చిక్కుడుకాయలను పుల్లలతో గుచ్చి రథం కట్టి, చిక్కుడాకుల మీద పరమాన్నం నివేదన చేయడం మన ఆచారం. చిక్కుడు కాపు దిగిపోయే రోజులవి. అక్కడినుంచి పందిరి ఖాళీ అవుతూ ఉంటుంది. సుమారు ఇరవై రెండు రోజులకు మహాశివరాత్రి. చలి శివశివా అంటూ పోతుందని సామెత చెప్పే ఈ వేళకు పాత తీగలను పీకి, నేల తిరగవేసి, కొత్త పాదులు కట్టుకోవాలి. శివరాత్రికి అటూ ఇటూగా నాటిన తోటకూర ఒక చాంద్రమాసం తిరిగి ఉగాది వచ్చేసరికి కోతకు వస్తుంది. బెండ, దోస చైత్ర బహుళంలో అందుతాయి. బీర, కాకర, పొట్ల వైశాఖంలో కాస్తాయి. ఎండలు ముదిరి అంగట్లో కూరగాయ వాడిపోయే రోజులకు ఇంటి పందిరి కింద నీడ, చేతికి కాయ రెండూ దొరుకుతాయి. వసంతకాలపు కూరతోట అంటే మన ఇళ్ళలో ఇదే.

దీనిని ఏర్పాటు చేసే పద్ధతిలో కూడా పెద్ద శాస్త్రమేమీ లేదు. మూరెడు లోతు, మూరెడు వెడల్పు గుంట తీసి, వారం రోజులు ఎండనిచ్చి, చివికిన పెంటమన్ను, పొయ్యి బూడిద, ఎర్రమన్ను కలిపి నింపుతారు. తీగజాతి గింజలు నాలుగైదు వేసి, మొలిచినవాటిలో బలమైన రెండింటిని ఉంచి తక్కినవి తీసివేస్తారు. కాకర గింజకు పెచ్చు గట్టిది కాబట్టి ముందు రాత్రి నానవేస్తారు. వంగకు మాత్రం నారు పోయాలి, నెల రోజుల నారును పీకి సాయంత్రం చల్లబడ్డాక నాటాలి. బెండ నారు తరలిస్తే బతకదు, ఉన్నచోటనే విత్తాలి. ఈ గుంటకు తెలుగులో పాదు అని పేరు. తమిళంలో పాత్తి, కన్నడంలో పాతి అంటే తోటలోని మడి. మూడూ ఒకే ధాతువు నుంచి వచ్చిన మాటలే అయినా, తెలుగులో పాదు అన్నది క్రమంగా గుంటను దాటి తీగకే పేరైపోయింది. బీరపాదు, గుమ్మడిపాదు అని తీగనే అంటున్నాము. తమిళ, కన్నడాలలో ఈ అర్థవిస్తరణ జరగలేదు.

ఇక ఈ పద్ధతిని దక్షిణానికి తీసుకుపోయినవారి సంగతి. పద్నాలుగవ శతాబ్ది చివరి భాగంలో కుమార కంపన మధుర దండయాత్రతో ప్రారంభించి, 1529 ప్రాంతంలో మధురలో విశ్వనాథ నాయకుని పాలన, 1532లో తంజావూరులో సేవప్ప నాయకుని పాలన ఏర్పడేవరకు, ఆ తరువాత కూడా, తెలుగు సైనికులు, రైతులు, వర్తకులు, చేతిపనివారు విడతలు విడతలుగా తమిళదేశంలోకి దిగారు. వారిలో వ్యవసాయదారులు ఎక్కువగా నిలిచినది నల్లరేగడి నేలల మీద. తమిళులు కరిసల్ అనే ఈ నేలలను అంతకుముందు అంతగా సాగుచేయలేదని, కావేరి, తామ్రపర్ణి నదుల ఒడ్డున వరి పండించే రైతులు ఏటిపట్టును వదిలి ఇటు రాలేదని, రేగడిలో అలవాటున్న తెలుగువారు దానిని పట్టుకున్నారని చరిత్రకారులు వివరించారు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైచెవల్ గ్రామంలో తెలుగు మాట్లాడే కుటుంబంలో 1923లో పుట్టి, తమిళంలో రాసి, 2021లో పుదుచ్చేరిలో కన్నుమూసిన కి. రాజనారాయణన్ గారి గోపల్లగ్రామం (1976) నవల ఈ వలస జ్ఞాపకం చుట్టూ అల్లినదే. అడవిని నరికి, కాల్చి, ఊరు నిలిపిన కథ అది. ఆయనే కరిసల్ ప్రాంతపు తమిళానికి ఒక మాండలిక నిఘంటువును కూడా కూర్చారు. తెలుగింటి బిడ్డ తమిళ మాండలికానికి చేసిన ఆ పని, అదే నేల మీది తెలుగు మాండలికానికి తెలుగు పండితులమైన మనం చేయలేదు.

ఈ నేల మీద వాన లెక్క వేరు. మన కోస్తాలో, తెలంగాణంలో నైరుతి రుతుపవనాలు వ్యవసాయానికి మూలం. కోవిల్‌పట్టి, విరుదునగర్, తూత్తుకుడి ప్రాంతాలలో ముఖ్యమైన వాన అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. పురట్టాసి, ఐప్పసి నెలలలో విత్తి, తై, మాసి నెలలలో కోస్తారు. వచ్చినవారు ఈ లెక్కకు లోబడ్డారు. సౌరమానపు నెలల పేర్లను, ఆడిపట్టం, తైపట్టం, చిత్తిరైపట్టం అని విత్తే అదనుకు తమిళులు పెట్టుకున్న పేర్లను నేర్చుకున్నారు. అయినా ఉగాదిని చాంద్రమానం ప్రకారమే చేసుకుంటున్నారు. ఏప్రిల్ 14 ప్రాంతంలో ఊరంతా చిత్తిరై సంవత్సరాది చేసుకుంటే, వీరు కొన్నాళ్ళు ముందుగానే వేపపువ్వు పచ్చడి తిని ఉంటారు. ఒకే ఇంట్లో పొలానికి ఒక పంచాంగం, పూజకు ఒక పంచాంగం నడుస్తాయి. పెరడు ఎటువైపు ఉన్నదంటే, పూజవైపే ఉన్నది. దీనికి భక్తి ఒక్కటే కారణం కాదు. మాసిలో పొలం కోత ముగుస్తుంది, ఆడవారికి కొంత తీరిక దొరుకుతుంది, పెంటకుప్ప నిండుగా ఉంటుంది, నూతిలో వాననీటి ఊట ఇంకా ఉంటుంది. పాత దేశపు శివరాత్రి అదనూ, కొత్త దేశపు మాసి తీరికా ఒకచోట కలిశాయి. కలవకపోతే పాత అలవాటు నిలిచేది కాదేమో. దక్షిణ జిల్లాలలో మాసి శివరాత్రి కులదైవం గుడికి బంధువులందరూ చేరే పండుగ కూడా. వేరు వేరు ఊళ్ళకు కోడళ్ళుగా వెళ్ళినవారు అక్కడ కలుసుకున్నప్పుడు విత్తనాలు కొంగున కట్టి ఇచ్చుకునేవారని మేము కొందరి నోట విన్నాము.

సాహిత్యంలో దీనికి ఆధారాలున్నాయా అంటే, ఒక్క గ్రంథాన్ని మాత్రం తలచుకోక తప్పదు. 1509 నుంచి 1529 వరకు పాలించిన శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద కథ జరిగేది శ్రీవిల్లిపుత్తూరులో. అంటే ఈనాడు తెలుగు రాజులు నివసించే రాజపాళయానికి పక్కనే. విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టే భోజనాలను రాయలు రుతువులవారీగా వర్ణించాడు. చలికాలపు విందులో కారానికి మిరియాల పొడి కనిపిస్తుంది గాని మిరపకాయ కనిపించదు. వర్షర్తు వర్ణనలో రెడ్లు వండుకునే ఆకుకూరలను పేరు పేరునా చెప్పాడు: గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరస, చింతచిగురు. ఇవేవీ నాటినవి కావు, వానకు వాటంతట అవే మొలిచేవి. రాజు అయి ఉండి పేదవాని కూరల చట్టిలోకి తొంగిచూసిన తీరు మెచ్చదగినది. ఇందులో తుమ్మిని తమిళులు తుంబై అంటారు, శివపూజకు వాడతారు. మన రైతు దానిని కూరగా కూడా ఎరుగును.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే పేర్లకు వస్తాము. పెరటి మొక్కల పేర్లు చరిత్రకు ఆధారమవుతాయా అన్నది మా ప్రశ్న. అవుతాయి గాని, అన్నీ ఒకేవిధంగా కావు.

కొన్ని మొక్కల పేర్లు మూడు భాషలలోనూ ఒకే మూలంనుంచి వచ్చినవి. మన బీర తమిళంలో పీర్క్కు, కన్నడంలో హీరె. మన పొన్నగంటికూర తమిళంలో పొన్నాంగణ్ణి, కన్నడంలో హొన్నగొన్నె. పదవ శతాబ్ది తరువాత కన్నడంలో పదాది పకారం క్రమంగా హకారంగా మారిన సంగతి భాషాశాస్త్ర విద్యార్థులకు మొదటి పాఠం. ఆ పాఠం చెప్పడానికి ఒక పెరడు చాలు. బెండ, బెండె, వెండై ఒక వరుస. సొర, సోరె, సురై ఇంకొక వరుస. పొట్ల, పడవల, పుడలై మరొకటి. మునగ, నుగ్గె, మురుంగై అన్నవాటిలో వర్ణవ్యత్యయం వల్ల కొంత చెదిరినా చుట్టరికం తెలుస్తూనే ఉంది. ఇలాంటి పేర్లతో చరిత్రకారునికి ఒక చిక్కు ఉన్నది. పొరుగు భాషలోని మాట మన మాటకు దగ్గరగా ఉన్నప్పుడు, ఒకదానినుంచి ఇంకొకదానికి జారడం మాట్లాడేవారికే తెలియదు. బీర అనే కుటుంబంలో మనుమరాలు పీర్క్కు అంటే ఎవరికీ చెవికి తగలదు.

రెండవ రకం అట్లా కాదు. మన కాకరకు తమిళంలో పాగల్, కన్నడంలో హాగల. మన వంగకు తమిళంలో కత్తిరి, కన్నడంలో బదనె. తోటకూరకు తమిళంలో కీరై అన్న సామాన్యనామంతోనే పని జరుగుతుంది. ఇక్కడ మాట పోతే పోయినట్లే, సగం జారడం అంటూ ఉండదు. అందుచేతనే ఇంట్లో ఒక మాట, అంగట్లో ఒక మాట అనే ద్వైధం ఇలాంటి పేర్ల దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. కాకర ఇంటిది, పాగల్ బజారుది. ఒకే కాయకు రెండు పేర్లు ఉన్నంతకాలం ఆ ఇంట్లో తెలుగు ఉన్నదని గుర్తు.

మూడవ రకం మాకు అన్నిటికంటె ఆసక్తికరమైనది. పోర్చుగీసువారు 1498లో కాలికట్టు చేరిన తరువాతి కాలంలో అమెరికా ఖండంనుంచి ఎన్నో మొక్కలు ఈ దేశానికి వచ్చాయి. మిరప, టమాట, బంగాళాదుంప, బొప్పాయి అలా వచ్చినవే. వీటికి ప్రతి ప్రాంతమూ తనకు తెలిసిన పాత మాటలతో పేరు పెట్టుకుంది. తమిళంలో తక్కాళి అన్నది మొదట చిన్నచిన్న పండ్లు కాసే దేశవాళి మొక్కల పేరు. మనం కామంచి అనే ఆకుకూరను తమిళులు ఇప్పటికీ మణత్తక్కాళి అంటారు. ఆ పేరే కొత్తగా వచ్చిన టమాటకు దక్కింది. తెలుగులో దానినే కొందరు రామములగ అన్నారు, కొందరు సీమవంకాయ అన్నారు, చివరికి టమాట స్థిరపడింది. తమిళనాట తెలుగు ఇళ్ళలోనూ, దానిని ఆనుకొని ఉన్న చిత్తూరు వైపునా తక్కాళి వినిపిస్తుంది. ఉర్లగడ్డ కూడా ఇటువంటిదే. తమిళపు ఉరుళైక్కిళంగుకూ రాయలసీమ ఉర్లగడ్డకూ ఉన్న సంబంధం, కోస్తా బంగాళాదుంపకు గాని తెలంగాణ ఆలుగడ్డకు గాని లేదు.

పరంగి అన్న మాట ఇంకా విచిత్రమైనది. ఫిరంగి, అంటే ఐరోపావాడు తెచ్చినది అని అర్థం. తమిళంలో పరంగిక్కాయ్ అంటే గుమ్మడికాయ. కన్నడంలో పరంగిహణ్ణు అంటే బొప్పాయి. రాయలసీమ తెలుగులో కూడా పరంగి బొప్పాయే. ఇటు చెన్నైనుంచి, అటు బెంగుళూరునుంచి పెళ్ళికి వచ్చిన ఇద్దరు తెలుగు వియ్యపురాండ్రు పరంగికాయ కూర గురించి మాట్లాడుకుంటే ఒకరు పులుసు సంగతి, ఒకరు పండు సంగతి అనుకొనే ప్రమాదం ఉంది. మెక్సికో దేశంనుంచి వచ్చిన ఇంకొక కాయను మనం బెంగుళూరు వంకాయ అంటాము, బెంగుళూరువారు సీమె బదనెకాయి అంటారు. ఎవరి ఊరికి అది ఏ దారిన వచ్చిందో పేరే చెబుతుంది.

అన్నిటిలోనూ చరిత్రకారుడు ఆగి చూడవలసినది మిరప. మూడు భాషలూ దీనికి మిరియం పేరునుంచే పేరు కల్పించుకున్నాయి. తమిళం మిళగునుంచి మిళగాయ్, కన్నడం మెణసునుంచి మెణసినకాయి, తెలుగు మిరియాల మాటకు చుట్టమైన మిరప. పద్నాలుగు, పదిహేను శతాబ్దాలలోనే తెలుగునేల వదిలి వెళ్ళినవారు తమ వెంట ఈ పేరు తీసుకుపోయే అవకాశం లేదు. అప్పటికి ఆ మొక్కే ఈ దేశంలో లేదు. వారు మొక్కను మొదట చూసినది తమిళదేశంలో అయితే మిళగాయ్ అనే అనాలి, తక్కాళి అన్నట్లే. కాని మేము తిరిగిన ఊళ్ళలో తెలుగు మాట్లాడే ఇళ్ళలో వినిపించినది మిరపకాయే. దీనికి రెండు సమాధానాలు సాధ్యం. ఆ కుటుంబాలు తాము చెప్పుకునే కాలం కంటె తరువాత, పదహారు, పదిహేడు శతాబ్దాలలో వచ్చి ఉండాలి. లేదా ముందు వచ్చినవారికి, తరువాత వస్తూ ఉన్నవారి ద్వారా, తెలుగునేలతో సంబంధం తెగకుండా ఉండి ఉండాలి. మాకు రెండవదే సబబుగా తోస్తున్నది. వలస అనగానే ఒకనాడు ఒక గుంపు నది దాటి వచ్చి వెనుదిరిగి చూడలేదన్నట్లు కథలు చెబుతాయి. పిల్లనివ్వడాలు, తెచ్చుకోవడాలు, యాత్రలు, ఎద్దుల సంతలు ఆ దారిని చాలాకాలం తెరిచి ఉంచాయని మిరపకాయ చెబుతున్నది. టమాట నాటికి ఆ దారి సన్నగిల్లిందని తక్కాళి చెబుతున్నది. అయితే ఒక హెచ్చరిక కూడా చేయాలి. పేరును ఎప్పుడైనా అరువు తెచ్చుకోవచ్చు, పాత పేరును మాని కొత్త పేరు పట్టుకోవచ్చు. ఒక్క మాట మీద ఒక శతాబ్దాన్ని నిలబెట్టకూడదు.

మాటలను నమ్మి మేము ఒకసారి మోసపోయాము కూడా. హొసూరు ప్రాంతంలో, తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఒకే వీధిలో వినిపించే చోట, పుష్యమాసంలో ఒక ఇంట్లో భోజనానికి పిలిచి అనపకాయ కూర చేయిస్తామన్నారు. మేము కోస్తావారం కనుక ఆనపకాయ, అంటే సొరకాయ, అనుకొని సరేనన్నాము. విస్తట్లో వడ్డించినది చిక్కుడుజాతి గింజల కూర. చిత్తూరు, కోలారు, హొసూరు ప్రాంతాల తెలుగులో అనప అంటే ఆ గింజలే. ఎండినవాటిని మన వైపు కూడా కొన్నిచోట్ల అనుములు అంటారు. నానవేసి తొక్క ఒలిచిన పప్పును వారు పితికిపప్పు అంటారు, పక్కింటి కన్నడిగులు హితికిద బేళె అంటారు. పకార హకారాల పాఠం మళ్ళీ ఇక్కడ విస్తట్లోనే. కూర మహా రుచిగా ఉన్నదని, రెండవసారి అడిగి వేయించుకున్నామని కూడా చెప్పాలి.

ఒడిశా వైపు సంగతి కొంత భిన్నం. 1936 ఏప్రిల్ 1న ప్రత్యేక రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగువారు కదలకుండానే రాష్ట్రేతరులయ్యారు. వలస వచ్చినది మనుషులు కాదు, సరిహద్దు. అందువల్ల అక్కడి పాదుల పేర్లు శ్రీకాకుళం పాదుల పేర్లే. బజారులో గుమ్మడిని కఖారు అని, చేమను సారు అని అడిగినా, ఇంటి వెనుక అది గుమ్మడిపాదే. ఒడియావారు బాడి అనే చోటును వీరు పెరడు అంటారు. యానాం విషయంలో ఈ మాట ఇంకా నిజం. 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో ఉన్నా, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగమైనా, గౌతమి ఒడ్డున ఉన్న ఆ పెరళ్ళకూ పక్కనున్న పూర్వపు తూర్పుగోదావరి జిల్లా పెరళ్ళకూ భేదం వెదకడం వృథా.

మహారాష్ట్రలో పెరడే కరువు. షోలాపురంలో మగ్గం, ఆ తరువాత మరమగ్గం ఇంటి చోటంతా ఆక్రమించింది. తెలంగాణంనుంచి వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు డబ్బాలలోను, పగిలిన కుండలలోను పుంటికూర విత్తుకున్న ఇళ్ళు చూశాము. బజారులో అది అంబాడి, మన కోస్తాకు పోతే గోంగూర. గ్రియర్సన్ భాషాసర్వేక్షణ నాలుగవ సంపుటం (1906) కామాఠీ, సాలేవారీ, కోమ్టావు మొదలైన పేర్లతో బొంబాయి, మధ్యపరగణాల తెలుగు మాండలికాలను నమోదు చేసింది గాని, కూరల పేర్లు ఆ పని పరిధిలోకి రాలేదు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం మనందరికీ మార్గదర్శకం. దాని పరిధి ఆనాటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలు. సరిహద్దుకు ఆవల ఉన్న పాదులు అలాగే మిగిలిపోయాయి.

అవి ఎంతకాలం మిగులుతాయన్నదే ఇప్పటి ప్రశ్న. పూర్వం ఇంట్లో కాచిన మొదటి మంచి కాయను విత్తనానికి వదిలేవారు. సొర గింజలను బూడిదలో కలిపి ఎండిన సొరబుర్రలో దాచేవారు. గుమ్మడి గింజలను పేడముద్దలో అద్ది గోడకు కొట్టేవారు. గింజ దాచిన మనిషే పేరునూ దాచింది. ఇప్పుడు విత్తనాలు పొట్లాలలో కొంటున్నారు, ఆ సంకరజాతి కాయనుంచి మళ్ళీ అదే కాయ రాదు కనుక దాచడమనే పని లేదు. పొట్లం మీద పేరు తమిళంలో, ఇంగ్లీషులో ఉంటుంది. పోతే రెండూ కలిసే పోతాయి. బడి సంగతి సరే సరి. తమిళనాడులో 2006లో చేసిన చట్టంతో ఒకటవ తరగతినుంచి దశలవారీగా తమిళం తప్పనిసరి మొదటిభాషయింది. భాషా మైనారిటీలు న్యాయస్థానాలకు వెళ్ళి కొన్ని సంవత్సరాలకు మినహాయింపులు తెచ్చుకున్నా, తెలుగు చదవగల పిల్లలు ఊరికి ఇద్దరు ముగ్గురు దొరకడం కష్టమైంది. తమిళం నేర్వడం తప్పని మేము అనము. ఆ దేశంలో ఉన్నవారు నేర్వవలసిందే. రెండవ అక్షరమాలకు చోటు లేకపోవడమే మా బాధ.

దాని ఫలితాన్ని కోవిల్‌పట్టికి సమీపంలోని ఒక గ్రామంలో కళ్ళారా చూశాము. ఎనభై ఏళ్ళు దాటిన ఒక అవ్వ తన పెరడంతా తిప్పి చూపి, వెళ్ళేటప్పుడు ఆరు రకాల గింజలు కాగితాలలో కట్టి ఇచ్చింది. పేర్లు మరచిపోతామని, వాటి మీద రాయమని మనుమరాలికి చెప్పింది. ఆ అమ్మాయి తెలుగు చక్కగా మాట్లాడుతుంది గాని రాయలేదు. అవ్వ చెబుతూ ఉంటే తమిళ లిపిలో రాసింది. తమిళ లిపిలో పకారానికీ బకారానికీ, కకారానికీ గకారానికీ, తకారానికీ దకారానికీ వేరు వేరు అక్షరాలు లేవు. పదం మొదట ఉన్నది పరుషంగానే చదువుతారు. ఇంటికి వచ్చి పొట్లాలు విప్పితే, గుమ్మడి కుమ్మడి అయి ఉంది. దోస తోస అయింది. బీర పీర అయింది, అంటే తమిళపు పీర్క్కుకు సగం దూరం నడిచింది. పేరు సగం జారుతుందని పైన మేము రాసినది చెవి విషయంలోనే అనుకున్నాము, లిపి కూడా ఆ పని చేస్తుందని అప్పుడు తెలిసింది. ఇక బెండ గింజల పొట్లం మీద ఉన్నది చదివితే పెండ అని వచ్చింది.

మరునాడు ఫోనులో ఆ అమ్మాయికి ఈ మాట చెబితే ఆమె నవ్వి, అవ్వకు చెప్పింది. అవ్వ ఇంకా గట్టిగా నవ్వడం మాకు వినిపించింది. పెండ వేయకపోతే బెండ మాత్రం ఎక్కడినుంచి వస్తుందని అడిగిందట. ఆ ఫాల్గుణంలోనే మా ఇంటి వెనుక ఆరు పాదులు చేశాము. కాకర ఒక్కటి మొలవలేదు, గింజ నానవేయడం మరచిన తప్పు మాదే. తక్కిన అయిదూ కాచాయి. పొట్లాలను మాత్రం పేర్లు దిద్దకుండా, అమ్మాయి రాసినవి రాసినట్లే, మా శాఖ సేకరణలో భద్రపరిచాము.